రెండు వేల గజాల పలక

తుపాకీ మూతి మీద పావలా బిళ్ళ పెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కమన్నాడు ఉస్తాద్. పడింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడింది. తుపాకీలో తూటా లేదు, బోల్టు మాత్రం బిగించి ఉంది. నొక్కగానే టక్కుమని చప్పుడు, ఆ వెంటే బిళ్ళ గడ్డిలో. డెబ్బైల చివర ఒక డిసెంబరు పొద్దున, ఎన్‌సీసీ క్యాంపులో, మంచుకు తడిసిన నేల మీద బోర్లా పడుకుని ఓ ముప్పై మందిమి అలా పావలా బిళ్ళలు రాల్చుకుంటూ గడిపాం. మూడో రోజుకు ఒక్కడి బిళ్ళ నిలిచింది. వాడిప్పుడు కళ్ళ డాక్టరు.

"నొక్కొద్దు, పిండు. నిమ్మకాయ పిండినట్టు పిండు" అనేవాడు ఉస్తాద్. సగం హిందీ, సగం మా దగ్గర నేర్చుకున్న తెలుగు. హవల్దారు హోదా, పర్వత ప్రాంతం మనిషి. తుపాకీ ఎప్పుడు పేలుతుందో పేల్చేవాడికే తెలియకూడదట. తెలిస్తే భుజం ముందే భయపడుతుంది, భుజం భయపడితే మూతి కదులుతుంది, మూతి వెంట్రుకవాసి కదిలితే అవతల మూరెడు తప్పుతుంది. ఇంత లెక్క ఉందని అప్పుడు మాకేం తెలుసు! తుపాకీ అంటే సినిమాలో ఎన్టీఆర్ ఒంటి చేత్తో పేల్చేదే.

మా చేతుల్లో ఉన్నది త్రీ నాట్ త్రీ. గొట్టం లోపలి వ్యాసం అంగుళంలో వెయ్యికి 303 వంతులు కాబట్టి ఆ పేరు. అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్. బోల్టు, మేగజీన్ ఏర్పాటు జేమ్స్ పారిస్ లీ అనే ఆయనది, గొట్టంలోని చారలు ఎన్‌ఫీల్డ్‌లోని బ్రిటిష్ ప్రభుత్వ కర్మాగారానివి. పోలీస్ స్టేషన్ సెంట్రీ దగ్గర, బ్యాంకు గుమ్మం దగ్గర, ట్రెజరీ మెట్ల మీద కనిపించిన ఆ కర్రా ఇనుమూ కలిసిన పొడుగాటి వస్తువు ఇదే. నాలుగు కిలోల బరువు. కుందా అడుగున చిన్న ఇత్తడి తలుపు ఉండేది. అది తెరిస్తే లోపల నూనె సీసా, పుల్‌త్రూ తాడు. ఆ తాడుకు చిందీ గుడ్డ కట్టి గొట్టంలోంచి లాగడం మా సాయంత్రం పని. ఆ నూనె వాసన క్యాంపు నుంచి ఇంటికొచ్చాక కూడా వారం రోజులు అరచేతుల్ని వదిలేది కాదు.

నన్ను కట్టిపడేసింది వేరు. గొట్టం మీద, చెక్క మొదలయ్యే చోట, వేలెడు ఇనుప పలక ఉంది. బ్యాక్ సైట్ అంటారు. దాని మీద అంకెలు: 2, 3, 4, 5... పోయిపోయి 20. అవి గజాల వందలు. పక్కనున్న చిన్న మీట నొక్కి జారుడు ముక్కను ఏ అంకె దగ్గర ఆపితే పలక అంత పైకి లేస్తుంది. ముక్కను 20 దగ్గరికి జరిపి చూశాను. పలక వాలుగా పైకి లేచి నిలుచుంది.

"ఉస్తాద్, రెండు వేల గజాల అవతల మనిషి కనిపిస్తాడా?"

ఆయన నవ్వలేదు. "మనిషి కనిపించడు. పల్టన్ కనిపిస్తుంది" అన్నాడు. కాసేపాగి, "ధూళి కనిపిస్తుంది" అని సవరించుకున్నాడు.

ఈ నివాళి ఆ పలకకు. దాన్ని చదవగల కంటికి. తుపాకీకి నివాళి ఏమిటి, చంపే వస్తువే కదా అంటారా, ఆ మాటకు తలవంచుతాను. దానికి చెప్పాల్సింది కింద చెబుతాను కూడా. కానీ దుర్భిణీ లేకుండా, కంప్యూటర్ లేకుండా, ఒక ఇనుప గాడి, ఒక ఇనుప మొన, ఒక జత కళ్ళు, కాస్త గాలి తెలివితో వెయ్యి గజాల అవతలి బల్లను కొట్టగలిగిన మనుషులు ఉండేవారనీ, అది చేతికి రావడానికి ఏళ్ళు పట్టే విద్య అనీ ఎక్కడో ఒకచోట రాసిపెట్టుకోవాలి కదా.

వెయ్యి గజాలంటే ఎంతో ఇప్పటి పిల్లలకు చెప్పడం కష్టం. గజం ఇప్పుడు ఇళ్ళ స్థలాల లెక్కలోనూ చీరల కొట్లోనూ తప్ప ఎక్కడా బతికి లేదు. విజయవాడ ప్రకాశం బ్యారేజీ ఉందే, దాని పొడవు 1223 మీటర్లు. గజాల్లో 1338. అంటే వెయ్యి గజాలు బ్యారేజీలో ముప్పాతిక. మీరు విజయవాడ వైపు ఒడ్డున పడుకుని, సీతానగరం ఒడ్డు ఇంకా పావు వంతు దూరం ఉందనగా నిలబెట్టిన ఓ బల్లను కొట్టాలి. పలక మీదున్న 20 అంకె అంటే బ్యారేజీ దాటి, ఇంకో అర బ్యారేజీ. మొదట్లో వచ్చిన తుపాకులకు ఎడమ పక్కన ఇంకో గుండ్రటి సైట్ కూడా ఉండేది, సామూహిక కాల్పుల కోసం. అది 2800 గజాల దాకా పోయేది. రెండు బ్యారేజీలు దాటి ఇంకా మిగులు! మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, ఖర్చూ పనీ తగ్గించుకోవడానికి దాన్ని తీసేశారు. ఆ పలక కథలో మొదటి మెట్టు అలా జారింది.

ఇక కంటి సంగతి. గురి చూడాలంటే మూడు ఒక వరసలోకి రావాలి: కంటికి దగ్గరగా ఉన్న గాడి, గొట్టం కొసనున్న మొన, అవతలి లక్ష్యం. దేవుడిచ్చిన కన్ను ఒకేసారి ఒక్క దూరాన్నే స్పష్టంగా చూస్తుంది. మూడింట్లో రెండు మసకబారాల్సిందే. ఏది మసకబారాలి? కొత్తవాడు లక్ష్యాన్ని చూస్తాడు, ఎందుకంటే కొట్టాల్సింది దాన్ని కదా. అక్కడే తప్పుతాడు. చూడాల్సింది మొనను. లక్ష్యం మసగ్గా, బూడిదరంగు మరకలా ఉంటే చాలు. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కడానికి నాకు రెండు క్యాంపులు పట్టింది. కొట్టదలుచుకున్నదాన్ని చూడకూడదు అనే మాట పద్దెనిమిదేళ్ళవాడికి ఎలా ఎక్కుతుంది?

ఆ మొనను ఉస్తాద్ 'మక్ఖీ' అనేవాడు. ఈగ. గొట్టం కొసన ఈగ వాలినట్టు ఉంటుంది కాబట్టి. మన 'మక్కీకి మక్కీ'లో ఉన్నదీ ఆ ఈగే. నకలు రాసే గుమాస్తా అసలు కాగితం మీద అంటుకున్న చచ్చిన ఈగను కూడా దింపాడన్న కథ. ఎండలో ఈ ఈగ తళుక్కుమని కంటిని మోసం చేస్తుంది. మెరిసే పక్కే మొన అనుకుంటుంది కన్ను. అందుకని ఉస్తాద్ అగ్గిపుల్ల గీసి దానికి మసి పట్టించేవాడు. మా అమ్మ దీపం మీద పళ్ళెం బోర్లించి కాటుక పట్టడం గుర్తొచ్చేది నాకు. తుపాకీ కంటికీ కాటుకే.

ఇంత చేసీ గాలి ఉండనే ఉంది. త్రీ నాట్ త్రీ తూటా 174 గ్రెయిన్లు, అంటే పదకొండు గ్రాముల పైన. సెకనుకు 2440 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. వెయ్యి గజాలు పోవడానికి దాదాపు రెండు సెకన్లు పడుతుంది. ఆ రెండు సెకన్లూ భూమి దాన్ని కిందికి లాగుతూనే ఉంటుంది. గొట్టం చూసిన గీత నుంచి ఇంచుమించు నలభై అడుగులు కిందికి దిగిపోతుందది. మూడు నాలుగంతస్తుల మేడ ఎత్తు. ఆ నలభై అడుగుల్నీ ముందే లెక్కగట్టి పైకెత్తి పెట్టేదే ఇనుప పలక. కానీ పలక గాలికి జవాబు చెప్పదు. గంటకు పది మైళ్ళ పక్కగాలి చాలు, తూటాను మనిషి ఎత్తుకు మించి పక్కకు నెట్టేయడానికి. గాలి మన దగ్గర ఒక తీరుగా, మధ్యలో చెరువు మీద ఇంకో తీరుగా, అవతలి గట్టు దగ్గర మరో తీరుగా ఉంటుంది. జెండా చూడాలి, గడ్డి ఊగడం చూడాలి, అన్నిటికంటే ముఖ్యం ఎండమావిని చూడాలి.

మన కవులకు ఎండమావి అంటే మోసం, లేని నీళ్ళు చూపించి దాహంతో చంపేది. గురికాడికి మాత్రం అదే నిజం చెప్పే సాక్షి. నేల నుంచి లేచే వేడి అలలు ఎటు పారితే గాలి అటు. నెమ్మదిగా పారితే చిన్న గాలి, వడివడిగా బల్లపరుపుగా పారితే పెద్ద గాలి, ఎటూ పారకుండా నిలువునా ఉడుకుతుంటే గాలి నిలిచింది లేదా మారబోతోంది. ఇలా ఎండమావిని చదువుకున్న వాళ్ళు ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్నారు. రెంటచింతల ఎండలు చూసిన మనకి ఈ విద్య ఎందుకు అబ్బలేదా అని అప్పుడప్పుడు అనుకుంటాను. దీనికి జవాబు చరిత్రలో ఉంది.

1857లో సిపాయిల నోటి దగ్గరికొచ్చి కొంప ముంచింది ఎన్‌ఫీల్డ్ తూటానే. ఆ తిరుగుబాటు తర్వాత తెల్లదొరలు పాఠం నేర్చుకున్నారు: మన సైనికుడి చేతిలో ఉండే తుపాకీ వాళ్ళ సైనికుడి తుపాకీ కంటే ఒక తరం వెనక ఉండాలి. చాలా కాలం ఆ పద్ధతే నడిచింది. 1914లో మన దళాలు ఫ్రాన్సు దేశపు మార్సెయ్ రేవులో దిగినప్పుడు, తెచ్చుకున్న తుపాకులు పక్కనబెట్టించి, అక్కడ కొత్తవి ఇచ్చారు. తెలియని తుపాకీ, తెలియని చలి, ఎదుట జర్మన్లు. ఎన్‌ఫీల్డ్ అనగానే మన కుర్రాళ్ళకు గుర్తొచ్చేది డుగ్గుడుగ్గుమనే బుల్లెట్ బండి. ఆ బండి పేరుకూ ఈ కర్మాగారానికీ చుట్టరికం ఉంది. సైకిళ్ళు చేసే ఒక ఇంగ్లీషు కంపెనీ ఎన్‌ఫీల్డ్ ఆయుధాగారానికి విడిభాగాలు సరఫరా చేసి ఆ పేరు పెట్టుకుంది. బండి మీద ఫిరంగి బొమ్మ అందుకే.

ఇంత దూరపు గురి మీద బ్రిటిష్ వాళ్ళకు పట్టుదల పుట్టింది దెబ్బ తిన్నాకే. 1899లో దక్షిణాఫ్రికాలో బోయర్ రైతులు, చిన్నప్పటినుంచి జింకల్ని వేటాడిన చేతులతో, మౌజర్ తుపాకులతో, ఎక్కడినుంచి కొడుతున్నారో కూడా తెలియకుండా ఎర్రటి మైదానాల అవతలి నుంచి కొట్టారు. వరసలు కట్టి నడిచే సైన్యం పిట్టల్లా రాలింది. ఆ యుద్ధం తర్వాత హైత్ అనే ఊళ్ళోని తుపాకీ బడిలో పాఠాలన్నీ మారాయి. 300 గజాల లక్ష్యం మీద నిమిషానికి 15 గురి తూటాలు వేయగలగాలి అన్నారు. దానికి 'మ్యాడ్ మినిట్' అని పేరు పడింది. బోల్టు లాగడం, తోయడం, గురి, పిండడం, నాలుగు సెకన్లకొకటి. మధ్యలో అయిదేసి తూటాల చార్జర్ క్లిప్పులు కూరడం కూడా ఆ నిమిషంలోనే. 1914 ఆగస్టులో మోన్స్ దగ్గర ఈ చేతులు చూసి, ఎదుట అన్నీ మెషిన్‌గన్లే ఉన్నాయనుకున్నారట జర్మన్లు. ఈ కథలో ఉప్పూకారం కాస్త ఎక్కువే పడి ఉంటుంది. కానీ నిమిషానికి పదిహేను అబద్ధం కాదు. తూటా లేని బోల్టుతో కూడా నేను నిమిషానికి ఆరు దాటలేదు.

ఇక్కడ ఆగి చెప్పాల్సింది చెప్పాలి. పలక మీద మొట్టమొదటి అంకె 2, అంటే 200 గజాలు. అంతకంటే దగ్గరికి గీతే లేదు, అవసరం లేదు కాబట్టి. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో 50 మంది సిపాయిలు పది నిమిషాల్లో పేల్చినవి 1650 త్రీ నాట్ త్రీ తూటాలు. ఆ తోట ఈ చివరి నుంచి ఆ చివరికి సుమారు 200 గజాలు. పలకను అంగుళం కదపనక్కర్లేదు. గాలి చూడనక్కర్లేదు, ఎండమావి చదవనక్కర్లేదు. అదే తుపాకీ, అదే ట్రిగ్గర్, కానీ నేను ఏ విద్యకు నివాళి రాస్తున్నానో ఆ విద్య అక్కడ లేదు. 1924 మే 7న కొయ్యూరులో అల్లూరి సీతారామరాజును చెట్టుకు కట్టేసి కాల్చినప్పుడు గురికి ఎన్ని గజాలు కావాలి? మన్యపు పోలీస్ ఠాణాల్లోంచి తుపాకులెత్తుకుపోయిన మనిషి ఆయన. 1922 ఆగస్టు 22న చింతపల్లితో మొదలుపెట్టి వరసగా మూడు రోజులు మూడు ఠాణాలు. ఆ తుపాకుల విలువ ఏలేవాళ్ళకి తెలిసినట్టే ఆయనకీ తెలుసు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ బహిష్కరణ నాడు టంగుటూరి ప్రకాశం పంతులు చొక్కా గుండీలు విప్పి తుపాకుల ముందుకు నడిచారు. పైన నేను గజాలు కొలవడానికి కర్రలా వాడుకున్న బ్యారేజీ ఆయన పేరు మీదిదే. దూరపు గురి గొప్పది అంటాను గాని, ఆ పూట అడుగు దూరంలో గుండె చూపించిన ఆయన ముందు ఏ గురికాడూ నిలవడు.

విద్య విద్యగా బతికింది మైదానంలో. ఇంగ్లండులో బిస్లీ అనే చోట 1890 నుంచి పోటీలు జరుగుతున్నాయి. దానికి ముందు వింబుల్డన్‌లో జరిగేవి, ఇప్పుడు టెన్నిస్‌కు పేరుపడిన ఊరే. 1860లో తొలి తూటా పేల్చింది విక్టోరియా రాణి. తుపాకీని ముందే గురిచూసి బిగించి ఉంచారు, ఆమె పట్టుతాడు లాగింది, తూటా నడిబొడ్డుకు దగ్గరగా తగిలింది, అందరూ చప్పట్లు కొట్టారు. రాణీగారి గురి కదా! మన కొల్హాపూర్ రాజు ఇచ్చిన కప్పు కోసం 1871 నుంచి ఈ పోటీల్లో జట్లు తలపడుతున్నాయి. బిస్లీలో అన్నిటికంటే పెద్ద బహుమతి ఇంగ్లండు రాజుగారి పేరు మీదిది. 1930లో దాన్ని మార్జరీ ఫోస్టర్ అనే ఆవిడ గెలిచింది, ఆడవాళ్ళలో మొదటిసారి. వెయ్యి గజాల బల్ల ముందు బోర్లా పడుకున్నాక కండబలానికి పెద్ద పని లేదు. ఊపిరి, ఓపిక, గాలి. ఈ మూడూ మగవాళ్ళ సొత్తేం కాదు.

ఈ పాత తుపాకీలో ఒక వింత ఉంది. ఇంజనీర్లు దీన్ని చూసి పెదవి విరిచేవారు. బోల్టును పట్టి ఉంచే కొమ్ములు ముందు కాకుండా వెనక ఉన్నాయి, కాబట్టి పేలినప్పుడు తుపాకీ ఒళ్ళు కాస్త వంగుతుంది, గొట్టం మూతి పైకి కొట్టుకుంటుంది. లోపమే. కానీ వెయ్యి గజాల దగ్గర ఆ లోపమే వరమైంది. ఏ రెండు తూటాల వేగమూ అచ్చంగా ఒకటి కాదు. మందకొడి తూటా గొట్టంలోంచి ఒక్క క్షణం ఆలస్యంగా బయటపడుతుంది, ఆ క్షణానికి మూతి ఇంకాస్త పైకి లేచి ఉంటుంది. వడిగల తూటా ముందే, తక్కువ ఎత్తులో వెళ్ళిపోతుంది. దారిలో మందకొడిది ఎక్కువ దిగుతుంది. చివరికి 900, 1000 గజాల దగ్గర రెండూ ఇంచుమించు ఒకే ఎత్తుకు వచ్చి కలుస్తాయి. అందుకే దగ్గర్లో ఒక మాదిరిగా ఉన్న ఎన్‌ఫీల్డ్ దూరం పోయేకొద్దీ మెరుగ్గా కొడుతుందని బిస్లీ పాతకాపులు దాన్ని వెయ్యి గజాలకే అట్టిపెట్టుకునేవారు. ఆలస్యంగా బయల్దేరినవాణ్ణి కాస్త ఎత్తు నుంచి పంపే తుపాకీ! మా బడిలో అలాంటి పంతులు ఒక్కరూ లేరు.

తర్వాత పలక మీద అంకెలు ఒక్కొక్కటే రాలిపోయాయి. బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ఈ తుపాకుల్ని దశాబ్దాల పాటు చేసింది. అరవైల్లో అదే ఆకారంతో 7.62 మిల్లీమీటర్ల తూటాకు సరిపడే 2ఎ రకం తుపాకీ తెచ్చింది. మొదటిదానిలో పలక 2000 మీటర్ల దాకా ఉండేది. వెంటనే వచ్చిన 2ఎ1లో 800 మీటర్లకు కుదించారు. ఎవరూ రెండు కిలోమీటర్ల దూరం కొట్టడం లేదు మరి. గజం పోయి మీటరొచ్చింది, ఇరవై పోయి ఎనిమిదొచ్చింది. సైన్యానికి వచ్చిన ఎస్‌ఎల్‌ఆర్ తుపాకీ పలక 600 దగ్గర ఆగింది. దాని తర్వాతి ఇన్సాస్ తుపాకీకి నాలుగొందలే మేర అన్నారు. రెండో ప్రపంచ యుద్ధం నేర్పిన లెక్క అది. కాలిబంట్ల మధ్య కాల్పులు నూటికి తొంభై పాళ్ళు మూడొందల గజాల లోపే జరుగుతున్నాయి, అంతకు మించి కనిపించే శత్రువు లేడు, కనిపిస్తే ఫిరంగి ఉంది. ఆ లెక్కను తప్పుపట్టను. 1962 నవంబరు 18న రెజాంగ్ లా కనుమ దగ్గర 13వ కుమావ్ బెటాలియన్ జవాన్లు దాదాపు 120 మంది, మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలో, మంచులో వేళ్ళు కొంకర్లు పోతుండగా, బోల్టు లాగి లాగి పోరాడారు. ఎదుటి చైనా సైనికుల చేతుల్లో ఉన్నవి బోల్టు లాగనక్కర్లేని తుపాకులు. ఆ జవాన్లకు కావాల్సింది వెయ్యి గజాల పలక కాదు. ఆ కనుమను తలుచుకున్నప్పుడు ఈ తుపాకీ మీద నాకున్న మమకారం కాస్త సిగ్గుపడుతుంది.

దూరపు గురి మాత్రం పోలేదు, అద్దంలోకి వెళ్ళింది. ఇప్పటి గురికాడికి దుర్భిణీ దగ్గరికి తెచ్చి చూపిస్తుంది, లేజరు దూరం చెబుతుంది, చిన్న యంత్రం గాలి లెక్క గడుతుంది. రెండు కిలోమీటర్లు దాటి కొడుతున్నారు. అది వేరే విద్య, చిన్నదేమీ కాదు. కానీ ఫిన్లండు రైతు సిమో హైహా 1939-40 చలికాలపు యుద్ధంలో దుర్భిణీ వద్దని ఇనుప సైట్లే ఎందుకు పెట్టుకున్నాడో చూడండి. అద్దంలోంచి చూడాలంటే తల ఇంకాస్త పైకెత్తాలి. అద్దం చలికి మసకేస్తుంది, ఎండకు మెరిసి చోటు చెప్పేస్తుంది. ఊపిరి ఆవిరి కనిపించకుండా నోట్లో మంచు పెట్టుకునేవాడట ఆయన. 500 మందికి పైగా చంపాడని లెక్క రాశారు. ఆయన 96 ఏళ్ళు బతికి 2002లో పోయాడు. ఆ లెక్కకు దండ వేయబుద్ధి కాదు నాకు. నోట్లో మంచు పెట్టుకున్న ఆ ఓపిక మాత్రం మనసులోంచి పోదు.

ఒలింపిక్స్‌లో 300 మీటర్ల రైఫిల్ పోటీ 1972తో ముగిసింది. ఇప్పుడక్కడ ఉన్నది 50 మీటర్లు, 10 మీటర్లు. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చింది ఆ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. ఒక సంగతి చాలామంది గమనించరు: అందులో దుర్భిణీ ఉండదు. చిన్న రంధ్రం, ముందు ఒక ఉంగరం, అవతల అర మిల్లీమీటరు చుక్క. దూరాన్ని అద్దంతో దగ్గర చేయని ఆ సైటు మా మక్ఖీకి మనవరాలే. వెయ్యి గజాల విద్య పది మీటర్ల గదిలోకి వచ్చి చేరింది. గాలి లేదు, ఎండమావి లేదు, గదిలో ఏసీ.

మా ఫైరింగ్ రోజు సంగతి చెప్పకపోతే కథ పూర్తి కాదు. నావి అయిదు తూటాలు. దూరం వంద గజాలే. బట్టు అనే మట్టికట్ట దగ్గర గుంతలో కూర్చున్న మార్కర్ నా బల్ల దించి, పైకెత్తి, జెండా అటూ ఇటూ ఊపాడు. వాష్‌ఔట్. ఒక్కటీ తగల్లేదు. పక్కవాడి బల్ల మీద మాత్రం తొమ్మిది రంధ్రాలు. వాడు వేసినవీ అయిదే. ఉస్తాద్ ఆ బల్లను చాలాసేపు చూసి, "గురి బాగుంది. ఇల్లే తప్పింది" అన్నాడు. ఆ తర్వాత అందరం మోకాళ్ళ మీద పాకుతూ ఖోఖాలు ఏరాం. ఖాళీ తొడుగులు లెక్కకు ఒక్కటి తగ్గినా ఎవరూ అన్నానికి కదలడానికి లేదు. అడుగున కె.ఎఫ్ అని ముద్ర, అంటే పూనా దగ్గరి ఖడ్కీ ఫ్యాక్టరీ. వేడి ఇత్తడి చేతిలో చురుక్కుమనేది.

చివరి రోజు ఉస్తాద్ తాను అయిదు వేశాడు, మూడొందల గజాల నుంచి. పడుకున్నాక ఎంతకీ పేల్చడు. మాకు విసుగొచ్చింది. ఆయన చూస్తున్నది బల్లను కాదు, మధ్యలో ఉన్న గడ్డిని. అది వాలి, లేచి, మళ్ళీ వాలి, ఒకచోట నిలిచింది. ఢాం. మళ్ళీ ఎదురుచూపు. ఆ అయిదింటికీ పావుగంట పట్టింది. బల్ల తెచ్చి చూపిస్తే అయిదూ నా అరచేతి కింద కప్పబడిపోయాయి.

2020 జనవరి 26న గణతంత్ర దినం పరేడ్‌లో ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీ నాట్ త్రీకి లాంఛనంగా వీడ్కోలు చెప్పారు. ఆ వార్త చిన్న పెట్టెలో వచ్చింది. కెనడా ఉత్తరాన మంచు ఎడారుల్లో కాపలా కాసే రేంజర్లు కూడా 1947 నుంచి ఎలుగుబంట్ల భయానికి మోసిన ఎన్‌ఫీల్డులను అంతకు కాస్త ముందే దించుకున్నారు, విడిభాగాలు దొరక్క. మన దగ్గర పెద్దలు పోయినప్పుడు అధికార లాంఛనాలంటే చాలా ఏళ్ళు గాలిలోకి పేలింది ఈ రకం తుపాకులే. శోక్ శస్త్ర్ అన్న ఆజ్ఞకు మూతులు కిందికి దించి, తలలు వంచి నిలబడేవాళ్ళు జవాన్లు. ఎందరికో నివాళి చెప్పిన వస్తువుకు పెట్టెలో నాలుగు వాక్యాలు.

నాకు ఆ విద్యలో మిగిలింది ఒక్కటే, దూరం చూడటం. ఉస్తాద్ నేర్పిన పాఠమది. 200 గజాల్లో మనిషి ఒంటి మీద అన్నీ కనిపిస్తాయి. 300 దగ్గర ముఖం మసకబారుతుంది. 400 దగ్గర ఒళ్ళు తెలుస్తుంది, ముఖం పోల్చుకోలేం. 500కు భుజాల నుంచి కిందికి సన్నబడిపోతాడు. 600 దాటితే తల ఒక చుక్క. ఆ లెక్క మీద నేను పెళ్ళిచూపుల్లో కూడా మనుషుల్ని కొలిచాను.

పోయినేడు కంటి శుక్లం తీయించుకున్నాక, పావలా బిళ్ళ నిలబెట్టిన ఆ డాక్టరే తీశాడు లెండి, ఒక తెల్లవారుజామున బ్యారేజీ మీదికి వెళ్ళాను. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. సీతానగరం వైపు నుంచి ఎవరో నడిచి వస్తున్నారు. తల చుక్కలా ఉంది. ఆరొందలు. రెయిలింగు పట్టుకుని చూస్తూ నిలుచున్నాను. చుక్క కింద సన్నటి ఒళ్ళు వచ్చింది, భుజం మీద తువ్వాలు వచ్చింది, చేతిలో సంచీ వచ్చింది. మూడొందలు అని పైకే అన్నాను. ముఖం తేటపడింది. నాకంటే పదేళ్ళు పెద్దాయన.

దగ్గరికొచ్చి ఆగాడు. "ఏంటి బాబూ, అంతసేపట్నించి నన్నే చూస్తన్నావు? ఎరిగినోడివా?"

"కాదండీ. దూరం చూస్తున్నా."

ఆయన సంచీ కింద పెట్టి, వెనక్కి తిరిగి, అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని తను వచ్చిన వైపు చాలాసేపు చూశాడు.